హైమావతిగారి చేట

ఎండకు వేడెక్కిన అట్ట వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒక ఆఫీసు గది గుర్తొస్తుంది. మొన్న పై వాటాలో అద్దెకుంటున్న నిఖితకు ఏదో పార్సిలు వచ్చింది. లోపలి సామాను తీసుకుని పెట్టెను మెట్ల పక్కన వదిలేసింది. భవానీపురంలో వేసవి ఎండ పొద్దున్నే మెట్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది. తువాళ్లు ఆరేయడానికి వెళ్లిన నాకు ఆ పెట్టె దగ్గర కాళ్లు ఆగిపోయాయి. పొడిగా, కాస్త తియ్యగా, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలాంటి వాసన. పత్రికాఫీసులో అన్నేళ్లు సిరా వాసన మధ్య బతికినా అది నన్నెప్పుడూ ఇలా పట్టి ఆపలేదు. అట్ట వాసన ఆపుతుంది.

పెట్టె పట్టుకుని పైకి వెళ్లాను. నిఖిత ఇంట్లోంచే పని చేస్తుంది. పొద్దస్తమానం కంప్యూటరు ముందు ఉంటుంది. తెర మీద ఏదో ప్రోగ్రాం, దాని కింద ఒక చోట పసుపు రంగు వంకర గీత.

"అమ్మాయ్, ఇది పారెయ్యొచ్చా? ఆ గీతేమిటి, తప్పు రాశావా?"

"తప్పు కాదాంటీ. ఇదా, కాకపోతే అదా, అదీ కాకపోతే ఇంకోటా అని వరసగా అడుక్కుంటూ పోయారనుకోండి, దాన్ని తేలిగ్గా రాసే పద్ధతి వేరే ఉంది. అలా రాసుకోవచ్చు కదా అని ఆ గీత చెబుతుంది. ఆ గీత ఎప్పుడు పడాలో ఆ రూలు నేను రాస్తున్నాను. ఇలాంటి రూల్సన్నీ ఉండేదాన్ని లింటర్ అంటారు."

"మేం చేట అనేవాళ్లం" అన్నాను.

ఆ అమ్మాయి కుర్చీతో సహా నా వైపు తిరిగింది. "మీరా? మీరు పేపర్లో చేశారు కదాంటీ?"

పేపర్లో చేరకముందు రెండు మూడేళ్లు నేను ఇంకో పని చేశాను. ఆ పని నేర్పిన మనిషి పేరు హైమావతి. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో ఎందరున్నారో నాకు తెలియదు. ఆమె గురించి నేనూ ఎప్పుడూ రాయలేదు.

డెబ్బైల్లో, డిగ్రీ అయిన కొత్తలో, గవర్నర్‌పేటలో ఒక మేడ మీది ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. లారీ యజమానులకూ మిల్లులకూ సహకార సంఘాలకూ వాళ్ల వివరాలన్నీ అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టి, కంప్యూటరు మీద వేయించి, అచ్చు కాగితాలుగా తిరిగి ఇవ్వడం ఆ ఆఫీసు పని. తమాషా ఏమిటంటే మా దగ్గర కంప్యూటరు లేదు. అది మద్రాసులో ఉండేది. మేము ప్రోగ్రాములు కాగితం మీద రాసేవాళ్లం, పంచింగు అమ్మాయిలు వాటిని కార్డుల మీద కొట్టేవాళ్లు, కార్డులన్నీ రేకు పెట్టెలో సర్ది సాయంత్రం రైలుకు మద్రాసు పంపేవాళ్లం. ఎక్కడో ఒక చుక్క మర్చిపోతే పెట్టె ఆ కబురుతోనే తిరిగొచ్చేది. చేసిన పని మళ్లీ మొదటికి. అందుకని పెట్టె కదలకముందే ప్రతి కాగితాన్నీ చదివి చూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి హైమావతిగారు.

మా ఊరి గాలితో ఇంకో పేచీ ఉండేది. వానాకాలం వచ్చిందంటే కృష్ణ మీది తడిగాలికి కార్డులు ఉబ్బిపోయేవి. ఉబ్బిన కార్డు మిషన్లో ఇరుక్కుంటుంది. అందుకని ఒక బీరువాలో బల్బులు వెలిగించి కార్డుల కట్టలు అందులో ఉంచేవాళ్లం. ఎండ ఉన్న రోజు డాబా మీద అప్పడాల్లా పరిచేవాళ్లం. కావలికి ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు, గాలికి వరస చెదరకుండా. నేను చెప్పిన వాసన ఆ బీరువా తలుపు తీసినప్పుడు వచ్చేది.

ఆమెకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. సొంతూరు బందరు. లెక్కల్లో పెద్ద చదువు చదివి, మద్రాసులో ఆ మిషను దగ్గరే కొన్నేళ్లు పని చేసి వచ్చారు. ముదురు రంగు మంగళగిరి చీరలు కట్టేవారు, జరీ అంచు సన్నంగా ఉన్నవి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్న దానికి ఆఫీసులో రకరకాల కథలుండేవి. ఒక కథకూ ఇంకో కథకూ పొంతన లేదు.

నేను మొదటిసారి రాసిన ప్రోగ్రాం ఆమె బల్ల మీద పెట్టి నిలబడ్డాను. మెత్తటి పెన్సిలుతో ఒక చోట అంచున చిన్న చుక్క పెట్టి కాగితం నా వైపు జరిపారు. అంతే. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు.

"తప్పాండీ?"

"తప్పేం కాదమ్మా. జవాబు సరిగ్గానే వస్తుంది. నువ్వెప్పుడైనా బస్టాండులో ఎంక్వైరీ దగ్గర నిలబడ్డావా?"

"ఆఁ."

"మైలవరం బస్సెక్కడండీ అని అడిగావనుకో. ఆయన నిన్ను, గుడివాడ వెళ్తావా? కాదా? అయితే ఏలూరు వెళ్తావా? అదీ కాదా? పోనీ నూజివీడా? అని అడుగుతూ కూర్చుంటే ఏం చేస్తావు?"

నాకు నవ్వొచ్చింది. "బస్సెళ్లిపోతుందండీ."

"నీ ప్రోగ్రాం అదే చేస్తోంది. అంతకంటే గోడకు ఒక బోర్డు పెట్టు. ఫలానా ఊరికి ఫలానా చోటు. ఆఖర్న, ఇందులో లేని ఊరైతే ఇక్కడ అడగండి అని ఒక లైను. వచ్చినవాడు చూసుకుని పోతాడు. నీ తర్వాత ఈ కాగితం చదివేవాడికీ సుఖం."

నేను దిద్దమని కాగితం మళ్లీ ఆమె ముందుకు తోశాను. ఆమె పెన్సిలు పక్కన పెట్టేశారు. "నీ కాగితం మీద నా చెయ్యెందుకు? చుక్క పెట్టాను. దిద్దుకుంటావో, అలాగే ఉంచుకుంటావో నీ ఇష్టం." ఆ మాట అందరితోనూ అనేవారు. కానీ పై అధికారి పెట్టిన చుక్కను ఇష్టమని ఎవరనుకుంటారు? చుక్క పడిందంటే మొహాలు మాడిపోయేవి. ఆ చుక్కలో కోపం లేదు, వెటకారం లేదు. అదే జనానికి మరీ కష్టంగా ఉండేదనుకుంటాను. తిట్టే మనిషిని చాటుగా తిట్టుకోవచ్చు. ఈవిడను ఏమనాలి?

మధ్యాహ్నం మేమందరం వెనక గదిలో పొడుగు బల్ల దగ్గర చేరి క్యారియర్లు విప్పేవాళ్లం. ప్రభాకర్ అని నాకంటే రెండేళ్లు పెద్దవాడు, వాళ్లది కృష్ణ మధ్యలో ఒక లంక గ్రామం, ఊరి కబుర్లన్నీ కూరలో పోపులా వేసేవాడు. మూర్తి అని ఇంకొకడు, ఎవరేం చెప్పినా "అలాగే సార్" అనడం తప్ప మరో మాట ఎరగడు. పంచింగు అమ్మాయిలు, మేమూ అందరం గోలగా తినేవాళ్లం. హైమావతిగారు మంచినీళ్ల కోసం ఆ గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. నీళ్లు పట్టుకుని వెళ్లిపోయేవారు. ఆమె బల్ల కాలవ వైపు కిటికీ దగ్గర. అక్కడే ఒక్కరూ కూర్చుని, గిన్నె మూత బోర్లించి అందులో ఊరగాయ వేసుకుని, కాలవ చూస్తూ తినేవారు. ఆమె గడప దాటగానే ప్రభాకర్ గొంతు తగ్గించి, "చుక్కలమ్మ వెళ్లింది, ఇక మింగండి" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. కిటికీ దాకా ఆ నవ్వు వినపడేదని ఆ గదిలో కూర్చున్న వాళ్లెవరికీ తట్టేది కాదు.

ఒక వానాకాలం ఇద్దరం డాబా మీద కార్డులు ఎత్తుతున్నాం, మబ్బు పడుతోందని. ఉన్నట్టుండి అన్నారు. "కుసుమా, ఈ చుక్కలు పెట్టే పని మిషనుకే అప్పజెబితే ఎలా ఉంటుంది?"

"మిషను ప్రోగ్రాం చదువుతుందాండీ?"

"ఎందుకు చదవదు? ప్రోగ్రామూ కార్డులేగా. లారీల కార్డులు చదివినట్టే మన కార్డులూ చదువుతుంది. ఒకే వివరం మీద ఒకే రకం ప్రశ్న వరసగా వేస్తున్నామా లేదా, అంతే కదా అది చూడాల్సింది. అలా ఉంటే, కింద ఒక వాక్యం అచ్చేస్తుంది. నేను చెబితే మనిషి చెప్పినట్టుంటుంది. మిషను చెబితే ఎవరికీ కోపం రాదు." కట్టకు రబ్బరు బ్యాండు వేస్తూ, నా వైపు చూడకుండా, ఇంకో మాట అన్నారు. "అప్పుడు నేనూ వచ్చి మీతో కూర్చుని అన్నం తినొచ్చు."

ఆమె నోటి నుంచి తన గురించి నేను విన్న మొదటి మాట అది. ఆ తర్వాత ఆ ప్రోగ్రాం రాయడంలో నేను ఆమెకు సాయపడ్డాను. ఆమె దేనికోసం రాస్తున్నారో ఆ ఆఫీసులో నా ఒక్కదానికే తెలుసు.

ఆమె పాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చునేవారు. ఎవరి ప్రోగ్రాంలో ప్రశ్నల గొలుసు ఎలా ఉందో చూసేవారు. చూడ్డానికి గొలుసులా ఉండి గొలుసు కానివి బోలెడు తేలాయి. ఒక ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య వేరే లెక్క ఏదైనా జరుగుతుంటే దాన్ని బోర్డుగా మార్చకూడదు. మార్చితే లెక్క చెడుతుంది. పైన ఉన్న ప్రశ్న కిందికి పోతే జవాబే మారిపోయేవి ఇంకొన్ని. అలాంటివి కనపడినప్పుడల్లా ఆమె తన రూలుకు ఒక షరతు చేర్చేవారు. "ఇన్ని షరతులు పెడితే ఇది నోరు విప్పేదెప్పుడండీ?" అని విసుక్కున్నాను.

"విప్పకపోతే పోయె. అనుమానమొస్తే నోరు మూసుకోవాలి. ఒక్కసారి తప్పు చెప్పిందంటే, ఆ తర్వాత పది ఒప్పులు చెప్పినా ఎవరూ వినరు. మనుషులకైనా అంతేగా."

చేట అనే పేరు ఆమే పెట్టారు. తాలు గింజల్ని ముందుకు నెట్టి చూపిస్తుంది, పారబోసేది మాత్రం మన చెయ్యే అన్నారు.

మద్రాసు మిషను మీద మాకు దొరికిన సమయంలో ఆఖరి కాస్తా చేటకు ఇచ్చేవాళ్లం. మొదటిసారి అచ్చు కాగితాలు వచ్చిన రోజు అందరం పెట్టె చుట్టూ మూగాం. ఆమె తన పాత ప్రోగ్రామునే అన్నిటికంటే పైన పెట్టి పంపారని అప్పుడు తెలిసింది. మొదటి పేజీలోనే దాని కింద ఒక వాక్యం అచ్చయి ఉంది. ఇది ఇంతకంటే తేలికగా రాయవచ్చు అని, ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో.

ప్రభాకర్ గట్టిగా చదివాడు. "అయ్యబాబోయ్, మేడమ్‌గారికే పడింది చుక్క!"

హైమావతిగారు కళ్లజోడు సవరించుకుని కాగితం దగ్గరగా చూశారు. "నిజమేనయ్యా. ఇంత వంకరగా రాశానా నేను?" అని నవ్వారు. పెద్ద నవ్వు. ఆమె పళ్ల వరస అంత బాగుంటుందని మాకెవరికీ తెలియదు.

"ఇవాళ చెరిగినామె తాలు ఆమెకే దొరికింది. రండి మేడమ్, మా పులిహోర తినండి" అన్నాడు ప్రభాకర్.

ఆ రోజు ఆమె క్యారియరు పట్టుకుని వెనక గదికి వచ్చారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు నిలబడితే పంచింగు అమ్మాయి ఒకతె జరిగి చోటిచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె మాతోనే తిన్నారు. బందరులో తన చిన్నప్పుడు ఉప్పుచేపల బళ్లు ఇంటి ముందు నుంచి వెళ్తే పక్కింటావిడ ఎలా శాపనార్థాలు పెట్టేదో అనుకరించి చూపించారు ఒకసారి. ప్రభాకర్‌కు పొలమారింది. చేట వాక్యాలను మేమూ పందేలకు వాడుకునేవాళ్లం, నీకెన్ని పడ్డాయి, నాకెన్ని పడ్డాయి అని. దిద్దుకోబుద్ధయినవి దిద్దుకునేవాళ్లం, లేనివి వదిలేసేవాళ్లం. నేను ఆమెకు దగ్గరగా ఉండి చూసిన రోజుల్లో అవే మంచివి.

మా మేనేజరు సాంబశివరావుగారు చెడ్డవాడని చెప్పలేను. ఏది కనపడినా దాన్ని క్రమశిక్షణగా మార్చాలనే జబ్బు ఆయనకు. ఒకనాడు ఆ అచ్చు కాగితాలు ఆయన కంట పడ్డాయి. మర్నాటికల్లా ఎవరికెన్ని వాక్యాలు పడ్డాయో పేర్లతో సహా గోడకు అంటించేశారు. ఒక్క వాక్యం మిగిలినా ఆ ప్రోగ్రాం పెట్టెలోకి ఎక్కకూడదని ఉత్తర్వు వేశారు. గోడ మీద ప్రభాకర్ పేరు అన్నిటికంటే పైనుంది.

హైమావతిగారు ఆయన గదికి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది, మాకు వినపడుతోంది. "సార్, అది సలహా అండీ. ఆర్డరు కాదు."

"మీరే కదమ్మా తయారుచేశారు? మంచిదా కాదా?"

"మంచిదేనండీ."

"మంచిదైతే అందరూ పాటించాలి. పాటించక్కర్లేని మంచి ఎందుకు మనకి?"

ఆమె బయటికి వచ్చేసరికి మేమందరం తలలు వంచి పని చేసుకుంటున్నాం. ఆ మధ్యాహ్నం ఆమె వెనక గదికి వచ్చారు గానీ, ఎప్పుడూ జరిగి చోటిచ్చే అమ్మాయి జరగలేదు. ఆమె నీళ్లు పట్టుకుని వెళ్లిపోయారు.

ప్రభాకర్‌కు పడ్డ వాక్యాల్లో ఒకటి ఒక సహకార సంఘం పని మీద పడింది. సంఘం తన రైతులకు విత్తనాల చీటీలు ఇస్తుంది, ఎవరికెంత భూమి ఉందో దాన్ని బట్టి. అందులో లంక భూములున్నాయి, ఒడ్డు భూములున్నాయి. ప్రభాకర్ రెంటినీ విడివిడిగా రాశాడు. కానీ రెంటి కిందా ఒకే లెక్క ఉంది, అక్షరం తేడా లేకుండా. రెండూ ఒకటే కనుక బోర్డు మీద ఒక్క లైనుగా కలపవచ్చని చేట చెప్పింది.

"ఇది మాత్రం కలపనండీ" అన్నాడు ప్రభాకర్ మేనేజరుతో. "ఒడ్డు భూమి ఎక్కడికీ పోదు. లంక అలా కాదు. వరదొస్తే ఈ పక్క కోసుకుపోతుంది, ఆ పక్క ఇసుక మేటేస్తుంది. నిరుడు మా చిన్నాన్న దోసపాదులు పెట్టిన చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. వరద తగ్గాక లంకల్ని మళ్లీ కొలుస్తారు, కొలిచేదాకా విత్తనాలు ఇవ్వరు. అప్పుడు లంకల లెక్క ఒక్కటే ఆపాలి. అందుకని విడిగా పెట్టాను."

"వరద వచ్చినప్పుడు చూసుకుందాం. మిషను రెండూ ఒకటే అంటోందిగా? కలిపెయ్యి."

ప్రభాకర్ హైమావతిగారి వైపు చూశాడు. ఆమె లేచి నిలబడ్డారు. "అతను చెప్పింది సబబుగా ఉందండీ. వదిలెయ్యండి."

"మీ చేటకు మీరే ఎదురు చెబితే ఎలాగమ్మా?" అన్నారు సాంబశివరావుగారు నవ్వుతూ. ప్రభాకర్ కలిపేశాడు.

ఆ ఏడు వరద ఆలస్యంగా, గట్టిగా వచ్చింది. ప్రభాకర్ సెలవు పెట్టి ఊరికి పరిగెత్తాడు. వాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయి. సంఘం వాళ్లు ఎప్పటిలాగే, లంక భూములకు చీటీలు ఆపమని కబురు పంపారు. మేనేజరు మూర్తిని పిలిచి ఆపమన్నారు. "అలాగే సార్" అన్నాడు మూర్తి. లంకల లైను వెతికి అక్కడ ఆపు పెట్టాడు. ఆ లైనులో ఇప్పుడు ఒడ్డు భూములూ ఉన్నాయని వాడికి తెలియదు. సాయంత్రం రైలు తప్పిపోతుందని ఆ మార్పు ఎవరికీ చూపించకుండానే పెట్టె కట్టేశారు. హైమావతిగారికి కూడా చూపలేదు. చేట ఒప్పుకున్నాక ఇంకెవరు చూడాలి అన్నారట మేనేజరు.

సంఘం గోడౌను ముందు రైతులు వరసలో నిలబడ్డారు. లంక రైతులకు చీటీలు రాకపోవడం మామూలే. ఒడ్డు రైతులకూ రాలేదు. తాతల నాటి నుంచి ఒక్క అంగుళం కదలని పొలాలున్నవాళ్లు, నీ భూమి కొలవాలి, ఇంటికి పొమ్మంటే బిత్తరపోయి నిలబడ్డారట. నారు పోసుకునే అదను పోతోందని ఆడవాళ్లు గోడౌను మెట్ల మీద కూర్చుని ఏడ్చారని ఊరి నుంచి తిరిగొచ్చిన ప్రభాకర్ చెప్పాడు. చీటీలన్నీ మళ్లీ వేయించి పంపాం. కాస్త ఆలస్యంగానైనా విత్తనాలు అందాయి. కానీ ప్రభాకర్ ఆ రోజు ఆమె బల్ల ముందుకు వచ్చి నిలబడ్డ తీరు నేను మర్చిపోలేను. బురద ఎండిన ప్యాంటుతోనే వచ్చాడు.

"మీ చేట తాలు చెరగలేదు మేడమ్. గింజలు చెరిగింది."

అది ఆమె చేసిన పని కాదని వాడికీ తెలుసు. అన్నాడంతే. ఎవరో ఒకరిని అనాలి కదా. మేనేజరును అనలేడు. ఆమె కోప్పడలేదు. "అవునయ్యా" అన్నారు. "ఇవాళ్టికి రెండూ ఒకటేనని చెప్పింది, అది నిజమే. రేపటి సంగతి దానికి తెలియదు. రాసినవాడికి తెలుస్తుంది. అతను వద్దనడానికి నేను దారి ఉంచలేదు."

తర్వాతి రోజుల్లో ఆమె చేటలో ఒకే ఒక మార్పు చేశారు. ఎవరైనా తన ప్రోగ్రాంలో ఏదైనా భాగాన్ని కావాలనే అలా రాసుకుంటే, దాని పైన ఒక కార్డు పెట్టుకోవచ్చు. ఆ కార్డు మీద ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట: ఉండనివ్వు. నక్షత్రం ఉన్న కార్డును అసలు లెక్కలు వేసేటప్పుడు మిషను పట్టించుకోదు. చేట మాత్రం చదివి, ఆ భాగం జోలికి పోకుండా ముందుకు వెళ్లిపోతుంది. కార్డు మీద మిగిలిన చోట కారణం రాసుకోవచ్చు. ఆ మార్పు పట్టుకుని మళ్లీ మేనేజరు గదికి వెళ్లారు.

"అందరూ ఉండనివ్వు, ఉండనివ్వు అని పెట్టుకుంటూ పోతే?"

"పెట్టుకోనివ్వండి సార్. ఇంకోటి, ఎవరి కాగితం వాళ్లకే ఇవ్వండి. గోడ మీద వద్దు."

"అయితే ఇది ఉండి ఏం లాభం? తీసెయ్యండి." విసుగుతో అన్నారో, నిజంగానే అన్నారో. చేట కార్డులు కట్ట కట్టి బీరువా అడుగున పెట్టేశారు. మళ్లీ మద్రాసు వెళ్లలేదు. ప్రతి కాగితమూ మళ్లీ ఆమె బల్ల మీదికి రావడం మొదలైంది. మళ్లీ మెత్తటి పెన్సిలు, మళ్లీ చుక్క. మధ్యాహ్నం కాలవ వైపు కిటికీ, బోర్లించిన గిన్నె మూత.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం భవానీపురంలో ఆమె ఉండే చోటికి వెళ్లాను. అప్పట్లో ఈ వైపు ఇళ్లు తక్కువ. వెనక వాటాలో ఒక గది, వసారా, ఒక కుర్చీ. నేను కుర్చీలో కూర్చుంటే ఆమె చాప మీద కూర్చున్నారు. కాఫీ ఇచ్చారు. ఏట్లోంచి గాలి వస్తోంది. సాయంత్రం అయ్యేసరికి ఆ గదిలో నాకేదో దిగులు పట్టుకుంది.

"ఇంత దూరంలో ఒక్కరే ఎందుకండీ? మీ అన్నయ్యగారిల్లు ఆఫీసుకు దగ్గరే కదా. అక్కడుంటే తేలిక కదా మీకు?"

అన్నాక గానీ తేలిక అని నేనన్న మాట నాకు వినపడలేదు. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. కోపం కాదు.

"ఇక్కడొక కార్డు పెట్టి ఉందనుకో, కుసుమా."

"మరి దాని మీద కారణం?"

"ఉంది. నీకు కనపడేట్టు రాయలేదు, అంతే."

నేను మళ్లీ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆఫీసు కథల్లో ఏదైనా నిజమో, ఏదీ కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం నా క్యారియరు తీసుకుని వెనక గదికి పోకుండా ఆమె బల్ల దగ్గరికి వెళ్లి ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. ఆమె తలెత్తి, "అందరూ అక్కడున్నారుగా. ఇక్కడెందుకమ్మా?" అన్నారు.

"ఉండనివ్వండి" అన్నాను.

ఆమె గిన్నె మూత నా వైపు జరిపారు. అందులో మాగాయ ఉంది. కొన్నాళ్లకు ప్రభాకర్ కూడా వచ్చాడు, లంక నుంచి తెచ్చిన దోసకాయలు బల్ల మీద పెట్టి, ఏం మాట్లాడాలో తెలియక, "కోసి ఉప్పేసుకోండి మేడమ్, చేదుండవు" అని వెళ్లిపోయాడు. కూర్చోలేదు. కానీ వచ్చాడు.

నాకు పత్రికలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. కొత్త పని, రాత్రి డ్యూటీలు. వెళ్లి చూద్దాం అనుకుంటూనే నెలలు గడిచాయి. ఒకసారి వెళ్లేసరికి ఆఫీసు హైదరాబాదు తరలిపోయిందన్నారు, ఆమె వాళ్లతో వెళ్లలేదన్నారు. భవానీపురం వచ్చాను. వెనక వాటాలో ఎవరో కొత్త సంసారం, వసారాలో ఉయ్యాల. ఇంటావిడ, "ఆ టీచరమ్మా? ఖాళీ చేసేశారండీ" అంది. టీచరు కాదని చెప్పబోయి ఊరుకున్నాను. చిరునామా ఇవ్వలేదట.

పత్రికాఫీసులో నా బల్ల మీదికి ఎందరివో రాతలు వచ్చేవి. వంకర వాక్యం కనపడితే ఎర్ర సిరాతో కొట్టేయడం అక్కడి పద్ధతి. నేను అంచున పెన్సిలు చుక్క పెట్టి, రాసినవాణ్ణి పిలిచి, ఎందుకిలా రాశావని అడిగేదాన్ని. సగం మంది అప్పుడే దిద్దుకునేవారు. మిగతావాళ్లలో అప్పుడప్పుడు ఒకరి దగ్గర కారణం ఉండేది. నాకు తెలియని ఊరు, తెలియని మనిషి, రేపు రాబోయే వరద ఏదో ఆ వంకరలో ఉండేది. పని ఆలస్యమవుతోందని పైవాళ్లు గొణిగేవారు. నాకూ ఒక పేరు పెట్టి ఉంటారు. వెనక గదిలోకి నేను వెళ్తే మాటలు ఆగిన రోజులూ ఉన్నాయి.

ఇదంతా నిఖితకు చెప్పలేదు. కొంచెం చెప్పి, "మరి మీ రూలు వద్దనుకునేవాళ్లకు దారి ఉందా?" అని అడిగాను.

"ఉందాంటీ. పైన ఒక లైను పెడితే అది ఊరుకుంటుంది."

"కారణం రాయాలా?"

"రాస్తే మంచిదంటారు. రాయకపోయినా ఊరుకుంటుంది."

కిందికి వచ్చి వంట చేసుకున్నాను. పై నుంచి ఏ చప్పుడూ లేదు. ఆ అమ్మాయి మధ్యాహ్నం తెర ముందే ఏదో తింటుందని నాకు తెలుసు, ఆమె వచ్చిన నాటి నుంచీ తెలుసు. ఈ వయసు పిల్ల ఒక్కతే ఎందుకలా, కిందికి వచ్చి తినొచ్చు కదా అనే మాట చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అమ్మాయి దగ్గరా ఒక కార్డు ఉండొచ్చు.

దొండకాయ వేపుడు ఒక గిన్నెలో పెట్టుకుని, నా కంచం కూడా తీసుకుని మెట్లెక్కాను. అట్టపెట్టె ఇంకా వాసన వేస్తోంది. తలుపు ఒక్కసారి తట్టి, వద్దంటే తిరిగి రావడానికి వీలుగా, గడపకు ఇవతలే నిలబడ్డాను.